పరమాణువు బొమ్మ మార్చండి, 'కీ' సరిచూడండి

సంపాదకులకు,

మీ విద్యా పేజీలో పరమాణు నిర్మాణంపై పాఠాలు, బిట్లు ఏటా పరీక్షల ముందు తప్పకుండా వస్తాయి. పదో తరగతి పిల్లల దగ్గర్నుంచి డీఎస్సీ, గ్రూప్స్ రాసేవాళ్ల దాకా వాటిని కత్తిరించి ఫైలు చేసుకుంటారు. ఉపాధ్యాయులు నోటీసు బోర్డుకు అంటిస్తారు. అంత నమ్మకంతో చదివే పేజీ కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాం. బొమ్మ, జవాబుల 'కీ', అంకెల అచ్చు అనే మూడు చోట్ల అవే తప్పులు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మార్కెట్లోని గైడ్లలోనూ ఇవే ఉన్నాయి. పాఠం రాసేవారు గైడు చూసి రాస్తారు, తర్వాతి గైడు మీ పేజీ చూసి అచ్చవుతుంది.

ముందు బొమ్మ సంగతి. మధ్యలో ఎర్ర గోళీల గుత్తి, దాని చుట్టూ మూడు దీర్ఘవృత్తాలు, వాటి మీద నీలి గోళీలు. ఏదైనా సంస్థ ముద్రగానో, వార్త పక్కన గుర్తుగానో వేస్తే పేచీ లేదు. 'పరమాణువు ఇలా ఉంటుంది' అనే పాఠం పక్కన వేసినప్పుడే చిక్కు. ఆ బొమ్మలో కేంద్రకం పరమాణువులో అయిదో వంతు ఉంటుంది. అసలు కొలతలు తీసుకుందాం. బంగారం పరమాణువు వ్యాసార్ధం సుమారు 144 పికోమీటర్లు (పికోమీటరు అంటే మీటరులో లక్ష కోట్లో వంతు). కేంద్రకం వ్యాసార్ధం కావాలంటే ద్రవ్యరాశి సంఖ్యకు, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తానికి, ఘనమూలం కట్టి 1.2 ఫెమ్టోమీటర్లతో గుణించాలి. బంగారం ద్రవ్యరాశి సంఖ్య 197కు ఘనమూలం 5.82, కాబట్టి వచ్చేది 7 ఫెమ్టోమీటర్లు. పికోమీటరుకు వెయ్యి ఫెమ్టోమీటర్లు. 1,44,000ను 7తో భాగిస్తే దాదాపు 20,600. అంటే బంగారం పరమాణువు దాని కేంద్రకం కంటే ఇరవై వేల రెట్లు పెద్దది. హైడ్రోజన్‌కైతే కేంద్రకం ఒక్క ప్రోటానే కనుక పరమాణువు వ్యాసార్ధం 52.9 పికోమీటర్లను ప్రోటాన్‌కు కొలిచిన వ్యాసార్ధం 0.84 ఫెమ్టోమీటర్లతో భాగించాలి, వచ్చేది సుమారు 63,000.

'పరమాణువు కేంద్రకం కంటే లక్ష రెట్లు పెద్దది' అనే వాక్యం పరిమాణపు స్థాయి చెప్పడానికి పనికొస్తుంది గానీ, అన్ని మూలకాలకూ వర్తించే స్థిరాంకం కాదు. హైడ్రోజన్ నుంచి బంగారానికి వచ్చేసరికి కేంద్రకం వ్యాసార్ధం ఎనిమిది రెట్లకు పైగా పెరిగింది. పరమాణువు మాత్రం మూడు రెట్లు కూడా పెరగలేదు. 79 ప్రోటాన్ల ధనావేశం లోపలి ఎలక్ట్రాన్లను బాగా దగ్గరికి లాక్కోవడమే ఇందుకు కారణం. కేంద్రకాన్ని రెండు మిల్లీమీటర్ల ఆవగింజ అనుకుంటే బంగారం పరమాణువు 41 మీటర్ల అడ్డకొలత, హైడ్రోజన్ పరమాణువు 126 మీటర్ల అడ్డకొలత ఉంటాయి. మీ పేజీలో 20 సెంటీమీటర్ల వృత్తం గీసి దాన్ని బంగారం పరమాణువు అంటే, కేంద్రకాన్ని మిల్లీమీటరులో నూరో వంతు చుక్కగా వేయాలి. పత్రిక ఫొటోల్లో రెండు చుక్కల మధ్య దూరమే పావు మిల్లీమీటరు దాకా ఉంటుంది. అంటే ఆ కేంద్రకం అచ్చులో పడనే పడదు.

పడదు కాబట్టి రెండు బొమ్మలు విడివిడిగా వేయడం మేలు. ఒకటి పరమాణువుది, ఎలక్ట్రాన్ మేఘం మాత్రమే, మధ్యలో కేంద్రకం స్థానం చూపే చిన్న గుణకారపు గుర్తు. రెండోది కేంద్రకానిది, ప్రోటాన్లు, న్యూట్రాన్లు. కింద 'ఈ బొమ్మ ఇరవై వేల రెట్లు ఎక్కువ పెంచి వేసినది' అని ఒక్క వాక్యం చాలు.

మేఘాన్ని ఎలా వేయాలన్నది ఆర్టిస్టుకు వచ్చే ప్రశ్న. ఏదో మసకగా రంగు పులిమితే సరిపోదు, దానికీ లెక్క ఉంది. హైడ్రోజన్ పరమాణువు కనిష్ఠ శక్తి స్థితికి ఇలా వేయవచ్చు. 52.9 పికోమీటర్లను 2 సెంటీమీటర్లుగా తీసుకోండి. కేంద్రం నుంచి 1, 2, 4, 5.3 సెంటీమీటర్ల వ్యాసార్ధాలతో పెన్సిలు వృత్తాలు గీయండి. నూరు చుక్కలు పెట్టాలి. మొదటి వృత్తం లోపల 8, ఒకటి రెండు వృత్తాల మధ్య 24, రెండు మూడింటి మధ్య 44, మూడు నాలుగింటి మధ్య 14, బయట 10. బయటి పదీ 9 సెంటీమీటర్ల లోపలే పడాలి, అంతకు మించి వెళ్లే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. ఏ వలయంలోనైనా చుక్కలు ఒక పక్కకు పేరుకోకుండా అన్ని వైపులా చెదరనివ్వాలి. తర్వాత పెన్సిలు గీతలు చెరిపేయాలి. ఆ గీతలు మిగిలితే పిల్లలు మళ్లీ వాటినే కక్ష్యలు అనుకుంటారు.

ఈ బొమ్మలో కేంద్రకం నుంచి దూరాలు నిజం, దిశలు మాత్రం కావు. గోళాకారంగా ఉన్న దాన్ని కాగితం మీద పరిచాం కనుక ఆ మాట కింద రాయాలి. ఇంకో పొరపాటుకు తావుంది. ఎలక్ట్రాన్ కనిపించే అవకాశం ఎక్కువగా ఉన్న దూరం 52.9 పికోమీటర్లే, అది బోర్ చెప్పిన మొదటి కక్ష్య వ్యాసార్ధంతో సరిపోతుంది. దాన్ని పట్టుకుని 'చూశారా, వృత్తం నిజమే' అనేవారున్నారు. ఆ వృత్తం లోపలే నూటికి 32 వంతులు, బయట 68 వంతులు ఉన్నప్పుడు అది దారి ఎలా అవుతుంది? పైగా ఘన సెంటీమీటరుకు ఎంత అని లెక్కిస్తే సాంద్రత అన్నిటికంటే ఎక్కువగా ఉండేది కేంద్రకం దగ్గరే. దూరం పెరిగేకొద్దీ గోళపు పొర ఘనపరిమాణం పెరుగుతుంది, సాంద్రత తగ్గుతుంది. ఈ రెండింటి లబ్ధం 52.9 దగ్గర శిఖరానికి చేరుతుంది, అంతే.

బోర్ నమూనాను పాఠంలోంచి తీసేయమని మేం అనడం లేదు. పరీక్షలో అడుగుతారు, అడగాలి కూడా. 1913లో ఆయన ఇచ్చిన సూత్రం, ఎన్ స్థాయి శక్తి మైనస్ 13.6ను ఎన్ వర్గంతో భాగించగా వచ్చే ఎలక్ట్రాన్ వోల్టులు, హైడ్రోజన్‌కు ఇప్పటికీ చెల్లుతుంది. మూడో స్థాయి నుంచి రెండోదానికి దిగితే 13.6ను పావు మైనస్ తొమ్మిదో వంతుతో గుణించాలి, 1.89 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. శక్తిని తరంగదైర్ఘ్యంగా మార్చే సంఖ్య 1,240ని దానితో భాగిస్తే 656 నానోమీటర్లు, హైడ్రోజన్ దీపంలో కనిపించే ఎర్ర గీత సరిగ్గా అదే. ఇంత బాగా పనిచేసిన సూత్రం రెండు ఎలక్ట్రాన్లున్న హీలియంకే చతికిలబడింది. తిరిగే ఆవేశం శక్తిని వెదజల్లుతుంది కాబట్టి పాత భౌతికశాస్త్రం ప్రకారం ఎలక్ట్రాన్ సెకనులో లక్ష కోట్లలో పదహారు వంతుల కాలంలో కేంద్రకంలో పడిపోవాలి. 'స్థిర కక్ష్యలో పడదు' అని బోర్ షరతు పెట్టారు గానీ, ఎందుకు పడదో ఆ నమూనా చెప్పలేదు. 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక, కనిష్ఠ స్థితిలో ఎలక్ట్రాన్‌కు కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం సున్నా అని తేలింది. చుట్టూ తిరిగేదానికి ఆ విలువ సున్నా కావడం కుదరదు. 'సూర్యుడి చుట్టూ గ్రహాల్లా' అన్న పోలికను రూథర్‌ఫర్డ్ పేరు కింద చరిత్రగా రాయండి, ఇప్పటి జ్ఞానంగా రాయకండి.

ఇక 'కీ'.

'ప్రోటాన్‌ను కనుగొన్నది ఎవరు?' అన్న బిట్‌కు ఒకసారి గోల్డ్‌స్టీన్, ఇంకోసారి రూథర్‌ఫర్డ్ జవాబుగా వస్తోంది. రెండు పేర్లూ ఆప్షన్లలో ఉన్నప్పుడు అభ్యర్థి ఏం చేయాలి? 1886లో గోల్డ్‌స్టీన్ చూసినవి కెనాల్ కిరణాలు, అంటే ఉత్సర్గ నాళంలోని వాయువు తాలూకు ధన అయాన్లు. నాళంలో నియాన్ ఉంటే నియాన్ అయాన్లు, హైడ్రోజన్ ఉంటే హైడ్రోజన్ అయాన్లు. వాయువును బట్టి ఆవేశానికీ ద్రవ్యరాశికీ నిష్పత్తి మారిపోతుంది. క్యాథోడ్ కిరణాలకు అలా మారదు, 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్ అన్ని పదార్థాల్లోనూ ఉన్న కణమని చెప్పగలిగింది అందుకే. నైట్రోజన్‌ను ఆల్ఫా కణాలతో (హీలియం కేంద్రకాలతో) కొట్టినప్పుడు హైడ్రోజన్ కేంద్రకాలు వెలువడుతున్నాయని రూథర్‌ఫర్డ్ ప్రకటించింది 1919లో. వేరే మూలకం కేంద్రకం లోపల కూడా ఇదే కణం ఉందని తేలింది అప్పుడే, ప్రోటాన్ అనే పేరు 1920లో. కాబట్టి 'కెనాల్ కిరణాలను కనుగొన్నది' అంటే గోల్డ్‌స్టీన్, 'ప్రోటాన్‌ను కనుగొన్నది' అంటే రూథర్‌ఫర్డ్. ప్రశ్నను ఈ రెండు రకాలుగా విడగొడితే తగువే ఉండదు.

పలుచని లోహపు రేకుపైకి ఆల్ఫా కణాలను వదిలి చూసిన బంగారు రేకు ప్రయోగంలో 'ఎన్ని ఆల్ఫా కణాలకు ఒకటి వెనక్కి మళ్లింది' అన్న బిట్ మరో తలనొప్పి. ఒక గైడులో 8,000కు ఒకటి, మరొకదాంట్లో 20,000కు ఒకటి. రెండూ చరిత్రలో ఉన్నవే. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ ప్లాటినం పలకపై చూసినది 8,000కు ఒకటి. 1911లో రూథర్‌ఫర్డ్ తన వ్యాసంలో ఉదహరించినది 0.00004 సెంటీమీటర్ల మందం బంగారు రేకుకు, సగటున 90 డిగ్రీల మళ్లింపుకు, 20,000కు ఒకటి. రేకు మందం, లోహం, ఆల్ఫా వేగం వీటిలో ఏది మారినా అంకె మారుతుంది. మందానికి అనులోమానుపాతంలోనూ, పరమాణు సంఖ్య వర్గానికి అనులోమానుపాతంలోనూ పెరుగుతుంది. వేగం రెట్టింపైతే పదహారో వంతుకు పడిపోతుంది. ఇవేమీ చెప్పకుండా అంకె అడగడం ప్రశ్నే కాదు. ఆ రేకు మందంలో సుమారు పదిహేను వందల పరమాణు పొరలుంటాయి. అన్ని పొరలు దాటినా దాదాపు అన్ని కణాలూ నేరుగా పోయాయన్నదే ఇక్కడ అడగాల్సిన విషయం.

ఆ ప్రయోగంతో 'కేంద్రకం పరిమాణం కొలిచారు' అని రాయడం కూడా సరికాదు. 7.7 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా కణం బంగారం కేంద్రకానికి ఎదురుగా వెళ్లినా 30 ఫెమ్టోమీటర్ల దూరంలోనే ఆగి వెనక్కి మళ్లుతుంది. కేంద్రకం 7 ఫెమ్టోమీటర్లే. కణం దాన్ని తాకనేలేదు. కేంద్రకం అంతకంటే చిన్నదని తేలింది గానీ, ఎంతో తేలలేదు.

అన్నిటికంటే ఎక్కువ మందిని దెబ్బతీసేది న్యూట్రాన్ల లెక్క. 'క్లోరిన్ పరమాణు భారం 35.5, పరమాణు సంఖ్య 17, న్యూట్రాన్లెన్ని?' అని అడిగి 18.5 జవాబిచ్చిన సందర్భాలున్నాయి. అర న్యూట్రాన్ ఎక్కడా ఉండదు. 35.5 అనేది ఏ ఒక్క పరమాణువుదీ కాదు, సగటు. ప్రకృతిలో క్లోరిన్-35 వాటా 75.77 శాతం, క్లోరిన్-37 వాటా 24.23 శాతం. 34.969ను 0.7577తో, 36.966ను 0.2423తో గుణించి కలిపితే 35.45 వస్తుంది. న్యూట్రాన్లు ఒకదానిలో 18, రెండోదానిలో 20. అసలు 19 న్యూట్రాన్ల స్థిరమైన క్లోరిన్ లేనే లేదు.

దీనికి గైడ్లు చెప్పే మందు 'పరమాణు భారాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించి పరమాణు సంఖ్య తీసేయండి' అని. సోడియం, అల్యూమినియం, ఫాస్ఫరస్ వంటి ఒకే ఐసోటోపు మూలకాలకు ఇది పనిచేస్తుంది (ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య తేడా ఉన్న రూపాలే ఐసోటోపులు). ఆ ధైర్యంతో బ్రోమిన్‌కు వాడితే బోల్తా పడతాం. 79.904ను 80 చేసి 35 తీసేస్తే 45 న్యూట్రాన్లు. ప్రకృతిలో బ్రోమిన్-80 లేదు. ఉన్నవి 79, 81, దాదాపు సగం సగం, 50.69, 49.31 శాతం. వెండి 107.87, సవరిస్తే 108, ఉన్నవి 107, 109. రాగి 63.55, సవరిస్తే 64, ఉన్నవి 63, 65. ప్రశ్నలో పరమాణు భారం ఇచ్చి న్యూట్రాన్లు అడగకుండా, 'బ్రోమిన్-81లో న్యూట్రాన్లెన్ని' అని ద్రవ్యరాశి సంఖ్యతో అడిగితే వివాదం ఉండదు. అయాన్ల ప్రశ్నల్లో అదనంగా చూడాల్సింది ఒకటే. ఆవేశం మారితే ఎలక్ట్రాన్ల సంఖ్యే మారుతుంది. మూడు ధనావేశాలున్న ఇనుము, అంటే ఫెర్రిక్ అయాన్‌లో 26 ప్రోటాన్లు అలాగే ఉంటాయి, ఎలక్ట్రాన్లు 23.

'ప్రతి పరమాణువులోనూ ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు ఉంటాయి' అనే వాక్యానికి 'నిజం' అని కీ ఇస్తున్నారు. సాధారణ హైడ్రోజన్‌లో న్యూట్రాన్ లేదు, ప్రకృతిలోని హైడ్రోజన్‌లో 99.98 శాతం అదే. అలాగే 'పరమాణువు ద్రవ్యరాశి దానిలోని కణాల ద్రవ్యరాశుల మొత్తానికి సమానం' అన్నదీ తప్పే. హీలియం-4కు లెక్క చూడండి. ప్రోటాన్ 1.007276, న్యూట్రాన్ 1.008665, ఎలక్ట్రాన్ 0.000549 పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాలు. రెండేసి కలిపితే 4.032980. తూచితే 4.002602. తరుగు 0.030378, దాన్ని ఒక ప్రమాణానికి సమానమైన శక్తి 931.5తో గుణిస్తే 28.3 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. అది కేంద్రకాన్ని కట్టి ఉంచిన బంధన శక్తి. ముప్పాతిక శాతం తేడా చిన్నదే అనుకోవచ్చు. సూర్యుడు వెలిగేది, రియాక్టరు నడిచేది ఇలాంటి తరుగుతోనే.

'ఒక మూలకం ఐసోటోపుల ధర్మాలన్నీ ఒకటే' అన్న వాక్యానికి కూడా 'నిజం' అని కీ వస్తోంది. రసాయన ధర్మాలు దాదాపు ఒకటే అనాలి, ఆ 'దాదాపు' కూడా ముఖ్యం. ఇందుకు ఉదాహరణ వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వాపురంలో ఉన్న మణుగూరు భారజల కర్మాగారం నడుస్తున్నది ఈ స్వల్ప తేడా మీదే. నీటిలోని హైడ్రోజన్‌లో సుమారు 6,400 పరమాణువులకు ఒకటి డ్యుటీరియం, అంటే ఒక న్యూట్రాన్ ఎక్కువున్న హైడ్రోజన్. నీటిని, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును ఎదురెదురుగా పంపుతారు. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న చల్లని టవరులో డ్యుటీరియం నీటిలోకి ఎక్కువగా చేరుతుంది, 130 డిగ్రీల దగ్గరున్న వేడి టవరులో వాయువులోకి ఎక్కువగా పోతుంది. దశలు దశలుగా ఇలా చిక్కబరిచి, చివర పీడనం తగ్గించి స్వేదనం చేసి 99.8 శాతానికి తెస్తారు. ఐసోటోపులు రసాయనికంగా పూర్తిగా ఒకటే అయితే ఆ టవర్లకు పనే లేదు. వచ్చిన భారజలం 3.8 డిగ్రీలకే గడ్డకడుతుంది, 101.4 డిగ్రీలకు మరుగుతుంది, మామూలు నీటికంటే పదకొండు శాతం దాకా బరువు. దాని మంచుగడ్డను మామూలు నీటిలో వేస్తే మునుగుతుంది. 'మంచు నీటిపై తేలుతుంది' అని మాత్రమే చదివిన పిల్లలకు ఈ ఒక్క వాక్యంతో న్యూట్రాన్ గుర్తుండిపోతుంది.

దీనికి సరిగ్గా తిరగబడిన ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో యురేనియం ఇంధన బిళ్లలను జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో పెడతారు. సముద్రతీరపు ఇసుకలోని జిర్కాన్‌లో జిర్కోనియంతో పాటు రెండు శాతం దాకా హాఫ్నియం ఉంటుంది. ఒకటి 40వ మూలకం, ఇంకొకటి 72వది. మధ్యలో లాంథనైడ్ల వరుస వచ్చినందువల్ల హాఫ్నియం పరమాణువు ముడుచుకుపోయింది. రెండింటి వ్యాసార్ధాలూ దాదాపు సమానం, బయటి కర్పరంలో ఎలక్ట్రాన్ల అమరిక ఒకే తీరు, అందుకని రసాయన శాస్త్రంలో కవలలు. కేంద్రకాలు మాత్రం వేరు. నెమ్మదైన న్యూట్రాన్లను హాఫ్నియం జిర్కోనియం కంటే అయిదారు వందల రెట్లు ఎక్కువగా మింగేస్తుంది. గొట్టంలో హాఫ్నియం మిగిలితే శృంఖల చర్య నిలబడటం కష్టం. కాబట్టి పది లక్షల్లో వంద భాగాల లోపుకు తగ్గించాలి. ద్రావకంతో అంచెలంచెలుగా వేరుచేస్తే గానీ విడిపోవు. రసాయన స్వభావం ఎలక్ట్రాన్లది, న్యూట్రాన్లతో వ్యవహారం కేంద్రకానిది అన్న సంగతిని ఇంతకంటే బాగా చూపే జంట మాకు తెలియదు. విచిత్రమేమిటంటే తెలుగు గైడ్లలో ఈ రెండు కర్మాగారాలూ 'ఎక్కడ ఉంది' అనే జీకే బిట్లుగా కనిపిస్తాయి తప్ప, పరమాణు పాఠంలో ఒక్కసారీ కనిపించవు.

న్యూట్రాన్ గురించి ఇంకో మాట. 'న్యూట్రాన్ అంటే ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్ కలిసినది' అని వివరణల్లో రాస్తున్నారు. విడిగా ఉన్న న్యూట్రాన్ క్షీణించి ప్రోటాన్, ఎలక్ట్రాన్, యాంటీన్యూట్రినో అవుతుంది, దాని అర్ధాయువు సుమారు పది నిమిషాలు. విడిపోయినప్పుడు వచ్చాయి కాబట్టి లోపల ముందే ఉన్నాయనడం పొరపాటు. బీటా క్షయంలో వచ్చే ఎలక్ట్రాన్ ఆ క్షణంలో పుట్టేది. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొనే ముందు శాస్త్రవేత్తలు కూడా కేంద్రకంలో ఎలక్ట్రాన్లున్నాయనే అనుకున్నారు. నైట్రోజన్-14 ఆ ఊహను ఇరకాటంలో పెట్టింది. 14 ప్రోటాన్లు, 7 ఎలక్ట్రాన్లు అయితే మొత్తం 21 కణాలు. ఒక్కోదాని స్పిన్ (కణానికి సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం) అర, బేసి సంఖ్య కనుక మొత్తం స్పిన్ అర, ఒకటిన్నర, ఇలా రావాలి. కొలిస్తే 1 వచ్చింది. 7 ప్రోటాన్లు, 7 న్యూట్రాన్లు అయితే 14, లెక్క సరిపోతుంది. చాడ్విక్ న్యూట్రాన్‌ను పట్టుకున్న తీరు కూడా లెక్కే. బెరీలియంపై ఆల్ఫా కణాలు కొడితే వచ్చే తటస్థ కిరణం, పారఫిన్ మైనంలోంచి 5.7 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లను నెట్టింది. అది గామా కిరణమైతే దానికి సుమారు 55 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, అంత శక్తి ఆ చర్యలో దొరకదు. ప్రోటానంత బరువున్న కణమైతే సూటిగా సరిపోతుంది.

ఎలక్ట్రాన్ విన్యాసాల్లో రెండే తప్పులు పదేపదే వస్తాయి. 2ఎన్² సూత్రం (ఎన్ అంటే కర్పరం సంఖ్య) ప్రకారం మూడో కర్పరంలో 18 పడతాయి కదా అని పొటాషియంకు 2, 8, 9 వేస్తారు. ఆ సూత్రం గరిష్ఠ పరిమితిని చెబుతుంది, నిండే వరుసను కాదు. 4ఎస్ ఉపకర్పరం 3డీ కంటే ముందు నిండుతుంది, కనుక పొటాషియం 2, 8, 8, 1. కాల్షియం 2, 8, 8, 2. మూడో కర్పరంలో తొమ్మిదోది చేరేది స్కాండియంలో, 2, 8, 9, 2. రెండోది ఇనుము. 4ఎస్ ముందు నిండింది కాబట్టి చివర ఖాళీ అవుతుందనుకుని ఫెర్రస్ అయాన్‌కు (రెండు ధనావేశాలున్న ఇనుముకు) 3డీ⁴ 4ఎస్² రాస్తున్నారు. పోయేది ముందు 4ఎస్ ఎలక్ట్రాన్లే, ఫెర్రస్ 3డీ⁶, ఫెర్రిక్ 3డీ⁵. క్రోమియం, రాగి మినహాయింపులను అందరూ బట్టీపట్టే ఉంటారు, వాటి జోలికి పోవడం లేదు.

'పదార్థపు ప్రాథమిక కణాలు ఏవి?' అన్న పాత బిట్‌ను ఇక పక్కన పెట్టాలి. మూడింటిలో ఎలక్ట్రాన్‌కు మాత్రమే ఇంతవరకు లోపలి నిర్మాణం కనిపించలేదు. ప్రోటాన్‌లో రెండు అప్, ఒక డౌన్ క్వార్కులు, న్యూట్రాన్‌లో ఒక అప్, రెండు డౌన్. అప్ ఆవేశం ప్లస్ మూడింట రెండు, డౌన్ ఆవేశం మైనస్ మూడింట ఒకటి, కూడి చూస్తే ఒకచోట 1, మరోచోట 0. ఈ ఆలోచన 1964 నాటిది, స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటరులో 1968 నుంచి ఆధారాలు దొరికాయి. ఒక హెచ్చరిక. మూడు క్వార్కుల ద్రవ్యరాశులు కలిపితే ప్రోటాన్ ద్రవ్యరాశిలో ఒక శాతం చిల్లరే. మిగిలినదంతా వాటిని బంధించిన క్షేత్రం శక్తి, వాటి చలన శక్తి. 'క్వార్కు ద్రవ్యరాశి ప్రోటాన్‌లో మూడో వంతు' అని ఎవరైనా బిట్ రాసి పంపితే వేయకండి.

చివరిది అచ్చు సంగతి. పాఠం రాసినవారు సరిగ్గా రాసినా, పేజీ పెట్టేటప్పుడు ఫాంటు మారి ఘాతాంకాలు కిందికి దిగిపోతున్నాయి. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 9.1×10⁻³¹ కిలోగ్రాములు కావాల్సింది 9.1×10-31 అవుతోంది, దాన్ని అక్షరాలా లెక్కిస్తే 60. వాక్యం వరుస చివర విరిగితే మైనస్ గుర్తు పైవరుసలో ఉండిపోతుంది, అప్పుడు ఎలక్ట్రాన్ సూర్యుడి కంటే బరువెక్కుతుంది. కార్బన్ చిహ్నం ముందు పైన 14, కింద 6 ఉండాల్సినవి పక్కపక్కన చేరి 146 అవుతున్నాయి. ఆంగ్‌స్ట్రామ్ గుర్తు మీది సున్నా ఎగిరిపోయి ఆంపియర్‌లా కనిపిస్తోంది. దీనికి సులువైన మార్గాలున్నాయి. ఐసోటోపును 'కార్బన్-14' అని, దూరాలను ఆంగ్‌స్ట్రాముల బదులు పికోమీటర్లలో రాయవచ్చు. ద్రవ్యరాశులను నిష్పత్తిగా ఇవ్వవచ్చు, ప్రోటాన్ ఎలక్ట్రాన్‌కు 1,836 రెట్లు, న్యూట్రాన్ 1,839 రెట్లు. ఘాతాంకాలు తప్పనిసరైన పట్టికను టైపు చేయకుండా బొమ్మగా పెడితే ఫాంటు దాన్ని ముట్టుకోదు. ఎలక్ట్రాన్ ఆవేశం విలువ 2019 మే 20 నుంచి కచ్చితంగా 1.602176634×10⁻¹⁹ కూలుంబులుగా నిర్ణయమైంది, ఆ పట్టికలో 'సుమారు' అనే మాట ఆ ఒక్క విలువకు అక్కర్లేదు.

కీ అచ్చుకు పోయేముందు ఎవరైనా ఒకరు ప్రతి బిట్‌కు మూడు సంగతులు చూస్తే చాలు. ద్రవ్యరాశి సంఖ్య పూర్ణాంకమేనా, ప్రోటాన్ల నుంచి ఎలక్ట్రాన్లు తీసేస్తే ఇచ్చిన ఆవేశం వస్తోందా, అంకె పక్కన ప్రమాణం ఉందా. పైన చెప్పిన లెక్కల తప్పుల్లో చాలావరకు అక్కడే దొరికిపోతాయి. అయినా తప్పు అచ్చయితే సవరణను మర్నాడు లోపలి పేజీ మూలన వేయకుండా, వారం తర్వాతైనా సరే అదే విద్యా పేజీలో, అదే బిట్ సంఖ్యతో వేయండి. కత్తిరించి దాచుకున్నవాళ్లు దాన్ని పాత కాగితం పక్కన అంటించుకోగలుగుతారు.

ఇట్లు,
ఉన్నత పాఠశాలల్లో, జూనియర్ కళాశాలల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించే ఉపాధ్యాయులు కొందరు